అంచు వెలుగుకి తొందరెక్కువ

నేను చేసే పని ఏమిటో చెబితే చాలు, పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళు కుర్చీ దగ్గరికి లాక్కుని తమ కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టేవారు. "దీని కాలు వొదులైపోనాది, సూడు బావా." నేను కళ్ళజోళ్ళవాణ్ణి కాను. ఓడల మీద వాడే దుర్భిణీలు, సర్వేవాళ్ళ యంత్రాలు, కాలేజీల్లో మైక్రోస్కోపులు, వీటిల్లో లెన్సులు బాగుచేసేవాణ్ణి. అయినా ఆ స్క్రూ బిగించి ఇచ్చేసేవాణ్ణి. విస్తరి ముందు కూర్చుని వాదిస్తే సాంబారు చల్లారిపోతుంది.

నలభై ఏడేళ్ళు ఆ పని చేసి కిందటేడు బెంచీ దిగాను. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళు, అమ్మాయిలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి "అనుభవం చెప్పండి" అంటారు. ఏ బంక మంచిది, ఏ స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి, ఇవన్నీ ఫోన్లో ఉంటాయి. నాకంటే బాగా చెబుతుంది, టీ కూడా అడగదు. ఫోను చెప్పనిది ఒకటుంది. లెన్సులో ఒక లోపం, దాన్ని నేను చూడలేకపోయిన తీరు, దానివల్ల ఒక మనిషికి పోబోయిన బతుకు. అదే రాస్తాను.

లోపం ఆకారంలోనే ఉంది

రెండు గాజు బిళ్ళలు తీసుకోండి. మధ్యలో ఎమ్రీ పొడి, కాసిని నీళ్ళు వేసి ఒకదాని మీద ఒకటి పెట్టి రుద్దండి. అటూ ఇటూ జరుపుతూ, తిప్పుతూ ఓ పూట రుద్దితే పైది గుంటపడుతుంది, కిందది బొద్దుగా అవుతుంది. ఆ వంపు కొలిచి చూస్తే బంతి ముక్కే. మీరు బంతి కావాలని కోరుకోనక్కర్లేదు, మీ చేతికి అంత పనితనం కూడా అక్కర్లేదు. ఎటు జరిపినా రెండూ అంటిపెట్టుకుని ఉండే వంపు ఆ బంతిది ఒక్కటే కాబట్టి, మిగతావి వాటంతటవే అరిగిపోతాయి.

అందుకే లెన్సుల్లో ఎక్కువ భాగం బంతి ముక్కలు. చేయడం తేలిక. చిక్కు కూడా అక్కడే ఉంది. దూరం నుంచి వచ్చిన వెలుగుని బంతి వంపు ఒక్క చుక్క దగ్గరికి చేర్చలేదు. నడిమధ్యన పడ్డ వెలుగు కొద్దిగా వంగి, కాస్త దూరంగా వెళ్ళి కలుస్తుంది. అంచున పడ్డది మరీ ఎక్కువ వంగిపోయి ముందే కలిసిపోతుంది. ఒకరికోసం కాగితం పెడితే రెండోవాళ్ళు మసక. చుక్కలా కనపడాల్సిన దీపం చుట్టూ పొగ పట్టినట్టుంటుంది. గాజు శుభ్రంగానే ఉంటుంది, నునుపూ బాగానే ఉంటుంది, చెయ్యి తప్పు చెయ్యదు. అయినా మసకే.

దీన్ని గోళీయ విపథనం అంటారని నాకు నలభయ్యో ఏట ఒక కాలేజీ లెక్చరర్ గారు చెప్పారు. అప్పటికి పాతికేళ్ళుగా దాంతో కాపురం చేస్తున్నాను, పేరు తెలియకుండానే.

ఉస్తాద్ అట్టముక్క

ఎనిమిదో క్లాసులో బడి మానేశాను. లెక్కల మాస్టారూ నేనూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఆయనకి జీతం వస్తోంది కాబట్టి నేనే తప్పుకున్నాను. కంచరపాలెం నుంచి రైలు పట్టాల పక్కన నడుచుకుంటూ వన్‌టౌన్ వెళ్ళి, ఒక సందులో కరీముల్లా గారి దగ్గర పనికి చేరాను. అందరూ ఉస్తాద్ అనేవారు. ఆయన బడి మొహమే చూడలేదు. అందుకని మా ఇద్దరిలో చదువుకున్నవాణ్ణి నేను.

పై లోపాన్ని ఆయన చెప్పిన తీరు ఇదీ:

"సూడు సిమ్మాచలం. కినారా, అదే అంచు మీద పడ్డవాడికి జల్దీ ఎక్కువ. మధ్యలో వచ్చేవాడు ఆరామ్‌గా వస్తాడు. ఇద్దరూ ఒకే టైముకి రాకపోతే నికా ఎలగ అవుతాది?"

తర్వాత పెళ్ళి కార్డు ఒకటి తీసుకుని, మధ్యలో గుండ్రంగా కన్నం కోసి లెన్సు మీద మూత పెట్టాడు. అంచు మూసుకుపోయింది. మసక పోయింది. దీపం చుక్కలా శుభ్రంగా కనపడింది. నాకు ఇంద్రజాలం చూసినట్టయింది.

ఇంద్రజాలం నేర్చుకున్నాక ఊరుకుంటామా. కొన్నాళ్ళకి ఒక కాలేజీ ప్రొజెక్టరు వచ్చింది, బొమ్మ అంచంతా మసకని. నేను లోపల అట్ట ఉంగరం ఒకటి దోపి, మూత బిగించి ఇచ్చేశాను. బొమ్మ స్పష్టంగా వచ్చింది. కాలేజీవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. బొమ్మ కాస్త చీకటిగా ఉంటోందని వాళ్ళు మళ్ళీ తెచ్చినప్పుడు ఉస్తాద్ మూత తీశాడు. అట్ట ఉంగరం తీసి నా వేలికి తొడగబోయాడు.

"ఏటిది?"

"మీరు సూపించిందే కదా."

"నాను సూపించింది జబ్బు ఎక్కడుందో. నువ్వు దుప్పటి కప్పినావు. కన్నం సిన్నదైతే ఏ దొంగ లెన్సైనా షరీఫ్, పెద్దమనిషి లాగే కనపడతాది. పెద్ద కన్నంలో నిలబడినోడే మంచి లెన్సు."

ఆ రోజు ఆ ప్రొజెక్టరు లెన్సులు మూడూ నా చేతే విప్పించి, సాయంత్రం దాకా సర్దించాడు. ఆయన పెట్టిన ఇంకో పద్ధతి కూడా అప్పుడే అలవాటైంది. దుర్భిణీల్లో ముందుండేది ఒక్క లెన్సు కాదు, రెండు రకాల గాజులు బంకతో అతికిన జంట. అంచు తొందరని ఒకటి పెంచితే రెండోది తగ్గిస్తుంది. కాని ఆ జంట బొద్దు మొహం బయటికి ఉంటేనే ఈ సర్దుబాటు. తిరగేసి బిగిస్తే తొందర పదింతలవుతుంది. అందుకని ఏ లెన్సునైనా గూడులోంచి తీసేముందు దాని అంచు మీద పెన్సిలుతో బాణం గుర్తు పెట్టాలి, మొన బయటివైపుకి. ఉస్తాద్ షాపులో బాణం లేకుండా లెన్సు తీస్తే ఆ పూట టీ ఉండేది కాదు.

దానియేలు దుర్భిణీ

ఇక మూడేళ్ళ కిందటి సంగతి. ఉస్తాద్ పోయి చాలా కాలమైంది. షాపు నాది. నేను తెలివైనవాణ్ణని ఊరంతా అనుకుంటోంది, అందులో నేను కూడా ఉన్నాను.

దానియేలుది జ్ఞానాపురం. అప్పటికి నలభై ఆరేళ్ళుంటాయి. పెద్ద ఓడల్ని నెట్టుతూ లాగుతూ జెట్టీకి చేర్చే టగ్గు ఒకటి అతను నడిపేవాడు, ఒక కాంట్రాక్టు కంపెనీలో. కంపెనీ ఇచ్చిన దుర్భిణీ నచ్చక సొంతంగా ఒకటి కొనుక్కున్నాడు, ఎవరో విదేశీ నావికుడి దగ్గర. మంచి వస్తువు. ముందు లెన్సులు టీ గ్లాసు మూతి అంత వెడల్పు. మన సముద్రపు తేమకి కుడి గొట్టంలో బంక విడిపోయి, లెన్సు లోపల నెమలి రంగులు తిరుగుతున్నాయని తెచ్చాడు.

నేను బాణం పెట్టాను. పెట్టలేదని మాత్రం ఎవరూ అనకూడదు. లెన్సు తీసి, జంటని విడదీసి, పాత బంక పోవడానికి థిన్నర్‌లో నానబెట్టాను. థిన్నరు బంకనీ తీసేసింది, బాణాన్నీ తీసేసింది. మళ్ళీ అతికేటప్పుడు షాపులో నలుగురున్నారు. నేను ఓడ వంటవాడి కథ ఒకటి చెబుతున్నాను. కథ మంచి పట్టులో ఉంది. ఆ జంటకి రెండు మొహాలూ ఇంచుమించు ఒకేలా బొద్దుగా ఉంటాయి. గాజులో పడే ట్యూబులైటు నీడ చూసి పోల్చుకోవాలి, బొద్దు ఎక్కువున్న మొహంలో నీడ చిన్నది, అరనిమిషం పని. నేను బొటనవేలితో తడిమి, ఇదే అనుకుని బిగించేశాను. అందరూ నవ్వారు. కథకి.

మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి, డాల్ఫిన్ కొండ మీద లైట్‌హౌసుని చూశాను. అద్దంలా ఉంది. ఇచ్చేశాను.

వారం తిరక్కుండా దానియేలు వచ్చాడు.

"బావా, సాయంత్రమైతే కుడి పక్క లైట్లకి ఎంట్రుకలు మొలుత్తన్నాయి."

"లైట్లకి మొలిత్తే మంగలోడి దగ్గరికెళ్ళు, నా దగ్గరికెందుకొచ్చినావు?"

"నవ్వులాట కాదు, సూడు ఓపాలి."

చూశాను. పొద్దున్న పదకొండు గంటలు. లైట్‌హౌసు మీద రంగు పెచ్చులూడింది కూడా కనపడుతోంది.

"గాజు బంగారం నాగుంది. నీ కన్నే ముసిల్దైపోనాది. కొత్త కన్ను ఏ షాపులో దొరుకుతాదో కనుక్కోని తే, బిగించెత్తాను."

షాపంతా నవ్వింది. దానియేలు కూడా నవ్వాడు. నేను చెప్పింది నమ్మబట్టే నవ్వాడని నాకు అప్పుడు తట్టలేదు.

అమ్మకానికి వచ్చిన వస్తువు

నెల గడిచింది. ఓ సోమవారం మధ్యాహ్నం దానియేలు దుర్భిణీని తువ్వాలులో చుట్టుకుని తెచ్చి బెంచీ మీద పెట్టాడు.

"ఎవులికైనా అమ్మీ బావా."

"ఏం, టగ్గు కంటికి కనపడకపోయినా నడిపెత్తన్నావేటి?"

"టగ్గు దిగిపోనాను."

తర్వాత కూర్చుని చెప్పాడు. నేను కన్నే అన్నాక అతను కంటి శిబిరానికి వెళ్ళాడు. అక్కడ తీరిక లేని డాక్టరు టార్చి వేసి, వయసు వస్తోంది, కుడి కంట్లో పొర మొదలవుతుండొచ్చు, పెద్దాసుపత్రిలో చూపించుకో అన్నాడు. దానియేలు నిజాయితీ మనిషి. పెద్ద ఓడ పక్కన పనిచేసేవాడు, దీపం ఎంత దూరంలో ఉందో పొరపడితే మనుషులు పోతారు. తనే వెళ్ళి ఆఫీసులో చెప్పుకున్నాడు, సాయంత్రం కుడి కంటికి దీపాలు మసకేస్తున్నాయని. ఆఫీసు కెప్టెన్ గారు అదే మాట కాగితం మీద పెట్టి, ఆ రోజే చక్రం మీంచి దింపేశారు. ఇప్పుడు యార్డు గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తున్నాడు. శుక్రవారం మెడికల్ బోర్డు. కుడి కన్ను పనికిరాదని వాళ్ళు రాస్తే ఇక జన్మలో పడవ నడపనివ్వరు.

"ఇరవై రెండేళ్ళు బావా. లారీ నంబర్లు రాత్తన్నాను."

నాకు జోకు ఒకటి నోటిదాకా వచ్చింది. చెప్పను. అప్పుడూ చెప్పలేదు.

"పగలెలగుంటాది?" అన్నాను.

"పగలు సుబ్బరంగా కనపడతాది. ఎలుతురు తగ్గినకాడి నుంచే. ఎన్నిసార్లు సెప్పినాను నీకు?"

ఒక్కసారే చెప్పాడు. ఆ ఒక్కసారీ నేను మంగలి గురించి మాట్లాడుతున్నాను.

పగలు మన కంటిపాప మిరియపు గింజంత. అంత చిన్న కన్నంలోంచి చూసేటప్పుడు, ముందు లెన్సు ఎంత పెద్దదైనా దాని నడిమధ్య వెలుగే కంట్లోకి చేరుతుంది. అంచు వెలుగు కంటిపాప బయటే ఆగిపోతుంది. చీకటి పడేకొద్దీ పాప విప్పారుతుంది, అంచు వెలుగు కూడా లోపలికొస్తుంది. దాని తొందరా దాంతోనే వస్తుంది. అంటే మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కి నేను చేసిన పరీక్ష పరీక్షే కాదు. పదహారేళ్ళప్పుడు ప్రొజెక్టరులో దోపిన అట్ట ఉంగరాన్ని ఈసారి నా కంట్లోనే పెట్టుకుని చూశాను.

"రెండ్రోజులుంచు, కొనేవోణ్ణి సూత్తాను" అని పంపేశాను. గేటు డ్యూటీకి టైమైపోయిందని వెళ్ళాడు.

షాపు వెనక పొడుగాటి గోడౌను ఉంది. కిటికీలకి గోనెలు కట్టి చీకటి చేశాను. ఆ చివర పాలపొడి డబ్బాకి సూదితో కన్నం పొడిచి, లోపల బల్బు పెట్టాను. ఈ చివర దుర్భిణీని ఇనప బిగింపులో పెట్టి, నా కన్నుని నమ్మకుండా దాని వెనక ఒక చిన్న దూరదర్శకం నిలబెట్టాను. గొట్టంలోంచి వచ్చే వెలుగు మొత్తాన్నీ అది పట్టుకుంటుంది.

ఎడమ గొట్టంలో చుక్క చుక్కలా ఉంది. కుడి గొట్టంలో చుక్క చుట్టూ దూది. కన్నం కోసిన అట్టముక్క ముందు పెట్టాను, దూది పోయింది. తీశాను, వచ్చింది. లెన్సుల్ని పట్టి ఉంచే ముందు ఉంగరాలు విప్పి, రెండు లెన్సుల మీదా ట్యూబులైటు నీడ చూశాను. ఎడమదాంట్లో నీడ చిన్నది, కుడిదాంట్లో పెద్దది. బొద్దు మొహం లోపలికి పోయి ఉంది.

కన్ను కాదు. గాజు కూడా కాదు. సింహాచలం.

తిప్పకుండా ఉంచడం

ఇక్కడ కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళు కాస్త నెమ్మదిగా చదవండి. లెన్సు తిప్పడానికి పావుగంట చాలు. తిప్పేసి, "కొనేవాడు దొరకలేదు, ఒకసారి మళ్ళీ చూడు" అని ఇచ్చేస్తే దానియేలుకి దీపాలు బాగా కనపడతాయి. దేవుడి దయ అనుకుంటాడు. నా పేరు నిలుస్తుంది. విప్పిన ఉంగరం నా చేతిలోనే ఉంది. వేళ్ళు వాటంతటవే తిప్పబోయాయి కూడా.

ఇంటికెళ్ళి మా ఆవిడ వరలక్ష్మికి చెప్పాను. ఆమె శనగపిండి కలుపుతూ అంతా విని, ఒక్కటే అడిగింది.

"తిప్పీత్తే శుక్రవారం బోర్డు ఆగిపోద్దేటి?"

"ఆగదు. కుడి కన్ను మసకని కాయితం మీదున్నాది కదా. ఇప్పుడు బాగుందంటే, ఉజ్జోగం కోసం అబద్దమాడుతున్నాడనుకుంటారు."

"మరింకేటి ఆలోసిత్తన్నారు. తిప్పకండి. ఉన్నదున్నట్టు అట్టుకెళ్ళి సూపించండి."

ఆవిడ కూడా ఎనిమిదే చదివింది. అయినా ఆ ఎనిమిది నా ఎనిమిది కంటే పెద్దది.

తప్పు లెన్సుని తప్పుగానే మళ్ళీ బిగించాను. నా వృత్తిలో అంత కష్టమైన బిగింపు ఇంకొకటి లేదు. మర్నాడు సాయంత్రం యార్డు గేటు దగ్గరికి వెళ్ళాను. దానియేలు నోటు పుస్తకం పక్కన పెట్టి వచ్చాడు.

"దొరికినాడా కొనేవోడు?"

"అదిగో, ఆ క్రేను మీద ఎర్ర లైటుని సూడు."

చూశాడు. "కుడి పక్క మసక. రోజూ ఉన్నదే."

"ఇప్పుడు దీన్ని తలకిందులు సేసి సూడు. అలగ కాదు, కళ్ళ దగ్గరిది కళ్ళ దగ్గరే ఉండాల. అడుగు పైకి రావాల."

దుర్భిణీని అలా పొర్లిస్తే కుడి గొట్టం ఎడమ కంటికి వస్తుంది, ఎడమది కుడి కంటికి. దానియేలు పెట్టి చూశాడు. తీశాడు. మళ్ళీ మామూలుగా పెట్టాడు, మళ్ళీ పొర్లించాడు.

"మసక ఇటొచ్చీసినాది."

"నీ కన్ను అటూ ఇటూ తిరగదు కదరా. గాజే తిరిగినాది. లెన్సు నేనే తిరగేసి బిగించినాను."

ఓ లారీ వచ్చి హారన్ కొట్టింది. వెళ్ళి గేటు తీసి, నంబరు రాసుకుని, తిరిగి వచ్చాడు.

"నెలరోజులు బావా. పెతి సాయంత్రం డాబా మీద దీన్ని ఎట్టుకోని, ఓ కన్ను మూసి ఓ కన్ను తెరిసి సూసుకున్నాను. సివరికి ఒట్టి కంటికీ మసకే అనిపించీది. బండి కూడా మా ఆవిడ నడపనియ్యట్లేదు. నువ్వేమో షాపులో అందరి ముందూ నవ్వించినావు."

"తప్పే."

"గాజైతే తిప్పీగలవు. ఇది దేన్తో తిప్పుతావు?"

అని గుండె మీద వేలు పెట్టుకున్నాడు. నేను దుర్భిణీని మళ్ళీ తువ్వాలులో చుట్టాను.

"రేపు మీ కెప్టెన్ గారి దగ్గరికి వత్తన్నాను. నువ్వు పక్కన నిలబడితే సాలు, నాను సెప్తాను" అన్నాను.

ఏ సింహాచలాన్ని నమ్మాలి

బుధవారం సాయంత్రం కెప్టెన్ గారు జెట్టీ మీద ఉన్నారు. ఓడల్లో చాలాకాలం తిరిగి వచ్చిన మనిషి. గట్టిగా నవ్వడం ఆయనకి ఇష్టముండదని ముఖం చూస్తేనే తెలుస్తుంది. నేను నా పేరు, పని చెప్పి దుర్భిణీ అందించాను.

"ఆ ఓడదారిలో నీళ్ళ మీద తేలే పచ్చ బోయా లైటుని చూడండి సార్, ఒక్కో కన్నుతో."

ఆయన చూసి, దించి, తన కుడి కన్ను నులుముకున్నారు.

"నాకు కూడా కుడి పక్కన..."

"మీకు కూడా పొరొచ్చీసినట్టుంది సార్" అన్నాను. నోరు ఆగలేదు. దానియేలు నా కాలు తొక్కాడు.

"ఇప్పుడు దాన్ని అడుగు పైకి పెట్టి చూడండి."

"లైటు తలకిందులుగా కనపడదూ?"

"కనపడదు సార్. కనపడితే నేనే తలకిందులుగా నిలబడతాను."

ఆయన పెట్టి చూశారు. మసక ఎడమ కంటికి మారింది. అట్టముక్క కుడి గొట్టం ముందు పెట్టించాను, పోయింది. తీయించాను, వచ్చింది. ఆయన ఇవన్నీ మూడేసి సార్లు చేశారు. చీకటి చిక్కబడేకొద్దీ కుడి గొట్టంలో దీపం మరింత పాడైంది. అది చూసి జన్మలో మొదటిసారి నా పని పాడైనందుకు సంతోషించాను.

"దీన్ని బాగుచేసిందెవరు?" అన్నారు.

"నేనే సార్."

"గాజు బాగుంది, కన్నే పోయిందని చెప్పింది?"

"అదీ నేనే."

"ఇప్పుడు గాజే పోయింది, కన్ను బాగుందని చెబుతున్నదీ నువ్వే. ఏ సింహాచలాన్ని నమ్మమంటావయ్యా?"

"ఎవర్నీ నమ్మకండి. మీరు చూసినదాన్ని రాయండి. బోర్డులో వాళ్ళకి కూడా ఇదే చూపించమనండి, కావాలంటే నేను వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటాను."

ఆయన దానియేలు వైపు తిరిగారు. "నువ్వేమంటావు?"

"నాకు నా కన్ను మీద నమ్మకం పోయింది సార్" అన్నాడు దానియేలు. "బోర్డు సూడాల్సిందే. కాని ఆ కాయితంలో గాజు సంగతి కూడా ఉండాల."

కెప్టెన్ గారు రాశారు. తను స్వయంగా చూశానని, దుర్భిణీ పొర్లిస్తే లోపం దుర్భిణీతోనే వెళ్ళిందని రాసి సంతకం పెట్టారు. రాయడం అయ్యాక, తమ ఆఫీసు పరికరాలు ఇకమీద నా షాపుకి రావని కూడా చెప్పారు. అది న్యాయమే. నేనైనా అదే చేస్తాను.

శుక్రవారం బోర్డుకి నేనూ వెళ్ళాను. బయట బెంచీ మీద పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. లోపలికి ఎవరూ పిలవలేదు. కంట్లో చుక్కలు వేసి, పాప విప్పారాక వెనక దాకా చూశారట. పొర లేదు, ఏమీ లేదు. దానియేలు నల్లకళ్ళద్దాలతో బయటికొచ్చి, నన్ను చూడలేక కాదు, చుక్కల వల్ల ఏదీ కనపడక, నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. నేనే వెనక పరిగెత్తి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను.

నాకు కనపడనిది

దానియేలు సోమవారం చక్రం ఎక్కాడు. లెన్సు తిప్పి బిగించి దుర్భిణీ పట్టుకెళ్ళాను. నా చేతిలోంచి తీసుకోలేదు.

"పగలొద్దు. సాయంత్రం రా."

సాయంత్రం వెళ్ళాను. టగ్గు ముందు భాగంలో నిలబడి మామూలుగా చూశాడు, పొర్లించి చూశాడు, ఒక్కో కన్నూ మూసి చూశాడు. తొందరేమీ లేదు అతనికి.

"సరిగ్గానే ఉన్నాది. అదిగో, పచ్చ లైటుకి ఎడం పక్క, కిందని, తెప్ప మీద ఎవడో బీడీ ఎలిగించుకుంటన్నాడు. సూడు."

తీసుకుని చూశాను. పచ్చ లైటు ఉంది. పక్కన నీళ్ళున్నాయి. తెప్ప లేదు, బీడీ లేదు.

"ఎక్కడ?"

"ఆటలాడకు బావా."

"ఆట కాదురా. నాకు కనపడ్లేదు."

అతను మళ్ళీ తీసుకుని, ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితోనే చూశాడు. "ఉన్నాడు. పుల్ల ఆరిపోనాది. మళ్ళీ గీత్తన్నాడు, సెయ్యి అడ్డెట్టుకోని." అలా చూస్తూ చూస్తూ అతని భుజాలు కిందికి దిగాయి. నెల తర్వాత తన కన్నుని మళ్ళీ తనదిగా తీసుకున్నాడని నాకు ఆ భుజాలు చూస్తే తెలిసింది.

నా సంగతి కూడా తెలిసింది. అరవై ఏళ్ళ కంటిపాప చీకట్లో కుర్రాళ్ళ పాపలా విప్పారదు. సాయంత్రం చూసినా నేను చూసేది చిన్న కన్నంలోంచే. దానియేలు మొదటిసారి వచ్చిన రోజు నేను నవ్వులాట మానేసి సాయంత్రం దాకా ఆగి చూసినా, నాకు ఆ ఎంట్రుకలు సగమే కనపడి ఉండేవి. అందుకని ఎవరైనా "నాకు మసకగా ఉంది" అంటే, "నాకు బాగానే ఉంది" అనేది సమాధానం కాదు. వాడు చూసే వేళకి, వాడు చూసే చోటికి వెళ్ళండి. మీ కన్ను చాలకపోతే చాలదని చెప్పండి. అలా చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు ఈ పని మానేసి కళ్ళజోళ్ళ కాళ్ళు బిగించుకోవచ్చు. గిరాకీ ఎక్కువ, భోజనం కూడా దొరుకుతుంది.

మర్నాడు షాపు ముందు బోర్డు రాయించాను. "రిపేరు మాది. పరీక్ష మీది. సాయంత్రం ఆరు తర్వాత రావలెను." గిరాకీ కొంత తగ్గింది. ఉన్నవాళ్ళకోసం బయట బల్ల వేయించాను. రెండో రోజే డ్యూటీ దిగి దానియేలు వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నాడు, ఎవరూ పిలవకుండానే. పక్కవాడి చేతిలోంచి నేను బాగుచేసి ఇచ్చిన దుర్భిణీ లాక్కుని, హార్బరు దీపాల వైపు పెట్టి, అటూ ఇటూ పొర్లించి చూశాడు. లేచి లోపలికొచ్చి నా బెంచీ మీద పెట్టాడు.

"ఇది సరిగ్గా లేదు."

ఆ వారంలో అలా నాలుగు పెట్టాడు. నాలుగూ మళ్ళీ విప్పాను.